ఎవరి చేనికి ఎంత ఎరువు: ఒక భూసార ప్రాజెక్టు డైరీ

వానలకు ముందు: ప్రశ్నను కుదించుకోవడం

చిన్న కమతాల్లో స్త్రీలు సాగు చేసే నేలలు, పురుషులు సాగు చేసే నేలలు సారంలో ఒకేలా ఉంటాయా, ఉండకపోతే ఆ తేడా ఎక్కడ పుడుతోంది అన్న ప్రశ్నతో ఈ ప్రాజెక్టు మొదలైంది. ప్రశ్నను అంత విశాలంగా పట్టుకుని చేలోకి దిగితే ఏదీ తేలదు. ఒక ఇంటి స్త్రీ చేనును మరో ఇంటి పురుషుడి చేనుతో పోల్చితే ఆ రెండు ఇళ్ల ఆస్తి, పశువుల సంఖ్య, నేల స్వభావం అన్నీ కలగలిసిపోయి, కనిపించిన తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఒకే కుటుంబంలో భార్య చేతి కింద ఒక చెక్క (చిన్న పొలం ముక్క), భర్త చేతి కింద మరో చెక్క విడివిడిగా ఉండి, రెండింటిలోనూ ఆ ఏడాది మొక్కజొన్న వేయబోతున్న ఇళ్లనే ఎంచుకున్నాం.

ఈ పద్ధతికి దారి వేసినది బుర్కినా ఫాసో. అక్కడి పల్లెల్లో 1981 నుంచి 1985 వరకు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సేకరించిన సమాచారాన్ని తీసుకుని ఆర్థికవేత్త క్రిస్టఫర్ ఉడ్రీ 1996లో ప్రచురించిన పరిశీలన ఒకే ఇంటి చెక్కలను పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే ఇల్లు, ఒకే ఏడాది, ఒకే పంట అయినా స్త్రీల చెక్కల్లో దిగుబడి దాదాపు 30 శాతం తక్కువగా ఉంది. ఇంటి పశువుల ఎరువు దాదాపు అంతా పురుషుల చెక్కలకే వెళ్లింది. బయటి నుంచి ఏమీ తేకుండా, ఉన్న ఎరువునూ శ్రమనూ చెక్కల మధ్య సర్దుకుని ఉంటే ఇంటి మొత్తం పంట సుమారు 6 శాతం పెరిగేదని ఆయన లెక్క తేల్చారు. ఆకలితో ఉన్నవాడికి పెట్టిన మొదటి ముద్ద చేసే మేలు కడుపు నిండినవాడికి పెట్టే పదో ముద్ద చేయదు కదా, చేలకూ అదే వర్తిస్తుంది. బలహీనమైన చెక్కకు వెళ్లాల్సిన ఎరువు ఇప్పటికే బలంగా ఉన్న చెక్కలో పడితే ఆ ఇల్లు మొత్తంగా నష్టపోతుంది. ఈ సంగతిని ఇంటి పెద్దల ముందు న్యాయం పేరుతో కంటే పంట లెక్కగా పెడితే వినేవారు ఎక్కువ ఉంటారని మాకు మొదటి నుంచీ నమ్మకం. అయితే న్యాయం మాట చిన్నదని మేము ఎప్పుడూ అనుకోలేదు.

పెద్ద అంకెలు కూడా మా బల్ల మీద ఉన్నాయి. స్త్రీ రైతులకు పురుషులతో సమానంగా వనరులు అందితే వారి చేల దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందని, అభివృద్ధి చెందుతున్న దేశాల మొత్తం వ్యవసాయోత్పత్తి 2.5 నుంచి 4 శాతం పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో అంచనా వేసింది. అదే సంస్థ 2023లో, సమాన విస్తీర్ణం గల కమతాలను పోల్చినా ఉత్పాదకతలో 24 శాతం అంతరం ఉందని చెప్పింది. ఈ అంకెలు సమస్య ఎంత పెద్దదో చెబుతాయి గానీ, ఫలానా చెక్కలో ఏం చేయాలో చెప్పవు. ఆ రెండో పని కోసమే చేతులకు మట్టి అంటించుకోవాలి.

ఇళ్లను ఎంచుకునేటప్పుడు: ఎవరి చేను?

అనుకున్న దానికంటే ఎక్కువ సమయం దీనికే పట్టింది. ఇది ఎవరి చేను అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ప్రతిచోటా ఒక్కటే, ఇంటి పెద్ద పేరు. ప్రశ్నను విడగొడితే జవాబులు మారాయి. ఇక్కడ ఏ పంట వేయాలో నిర్ణయించేది ఎవరు, పండినది ఎవరి చేతికి వస్తుంది, ఎరువు ఎప్పుడు ఎంత రావాలో చెప్పేది ఎవరు, వచ్చే ఏడాది కూడా ఈ చెక్క మీ దగ్గరే ఉంటుందా అని విడివిడిగా అడిగాం. భార్యాభర్తలను వేర్వేరుగా కూర్చోబెట్టి అడిగాం. పంట నిర్ణయం తనదేనని చెప్పిన స్త్రీలలో చాలామంది ఎరువు దగ్గరికి వచ్చేసరికి, భర్త చెక్కకు వేయగా మిగిలితే తమకు వస్తుందని చెప్పారు. నాలుగో ప్రశ్నకు కొందరు జవాబు చెప్పడానికి వెనకాడారు. ఆ తటపటాయింపును కూడా మా పుస్తకంలో రాసుకున్నాం, ఎందుకంటే నేల సారానికి సంబంధించినంతవరకు ఈ నాలుగింటిలో అదే అన్నింటికంటే బరువైన ప్రశ్న అని తర్వాత తేలింది.

భర్త వలస వెళ్లగా భార్య ఒంటరిగా నడిపే ఇళ్లు, భర్త లేని ఇళ్లు ఈ జంట చెక్కల పోలికలో ఇమడవు. వాటిని వదిలేయడానికి మనసొప్పక వేరే జాబితాగా ఉంచుకున్నాం. ఘానాలో మొక్కజొన్న రైతుల మీద చెరిల్ డాస్, మైఖేల్ మోరిస్ 2001లో ప్రచురించిన పని కూడా ఇక్కడ జాగ్రత్త చెబుతోంది. భూమి, కూలి శ్రమ, రైతులకు సలహాలిచ్చే విస్తరణ సేవల అందుబాటు సమానంగా ఉన్నాయనుకుంటే రసాయన ఎరువు వాడకంలో స్త్రీ పురుష భేదం దానికదే పెద్దగా మిగలలేదు. కానీ స్త్రీయే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాల్లో మాత్రం వాడకం తక్కువగానే ఉంది. అంటే భర్త ఉన్న ఇంట్లో చెక్క నడిపే స్త్రీ సమస్య ఒకటి, ఒంటరిగా ఇల్లు నడిపే స్త్రీ సమస్య మరొకటి. రెండింటినీ స్త్రీ రైతు అన్న ఒక్క మాట కింద కలిపేస్తే ఎవరికీ పనికిరాని సలహా తయారవుతుంది.

నమూనాలు తీసిన వారం

పద్ధతి అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. ప్రతి చెక్కలో అడ్డదిడ్డంగా నడుస్తూ పలుచోట్ల పైచెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతుకు ఇంగ్లీషు వి ఆకారంలో గుంట తీసి, ఒక అంచు నుంచి పలచని పొరగా మట్టి తీశాం. గట్ల దగ్గర, చెట్ల కింద, పాత పెంటకుప్పల చోట తీయలేదు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చి, నీడలో ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాం. కుళ్లిన ఆకు, పేడ వంటి వాటి నుంచి నేలకు చేరే సేంద్రియ కర్బనానికి 1934 నుంచి వాడుకలో ఉన్న వాక్లీ, బ్లాక్ పద్ధతి, భాస్వరానికి 1954 నాటి ఓల్సెన్ పద్ధతి ఎంచుకున్నాం. ఖరీదైన కొత్త పద్ధతులు ఉన్నా, పాత ఫలితాలతో పోల్చుకోవడానికి వీలుగా ఉండాలని వీటి దగ్గరే ఆగాం.

మట్టి సంచి మీద చెక్క సంఖ్యతో పాటు రెండు అదనపు వివరాలు రాయడం మొదలుపెట్టాం. ఒకటి, ఆ చెక్క నిర్ణయాలు ఎవరివి. రెండు, పశువుల పాక నుంచి అక్కడికి ఎంత దూరం. మామూలు భూసార పరీక్ష చీటీలో ఈ రెండూ ఉండవు. రైతు పేరు అన్న గడిలో పట్టా ఉన్నవారి పేరే పడుతుంది, సిఫారసు కూడా ఆ పేరుకే వెళ్తుంది. తన చెక్కలో మట్టి తీశారని తెలిసినా దాని ఫలితం ఏమైందో ఎన్నడూ వినని స్త్రీలు మాకు తారసపడ్డారు. కాబట్టి ఈసారి ప్రతి చెక్క చీటీ ఆ చెక్క నడిపే మనిషి చేతికే, చదివి వినిపించి మరీ ఇవ్వాలని ముందుగానే నిర్ణయించుకున్నాం.

ప్రయోగశాల ఫలితాల కోసం ఆగకుండా చేలోనే ఒక పరీక్ష చేసి చూపించాం. ఎండిన మట్టిగడ్డను తీగ జల్లెడలో పెట్టి గాజు గ్లాసు నీటిలో ముంచితే, సేంద్రియ పదార్థం ఉన్న గడ్డ నిలబడుతుంది, లేనిది కొద్ది నిమిషాల్లో విడిపోయి అడుగుకు చేరుతుంది. ఒకే ఇంటి రెండు చెక్కల గడ్డలను పక్కపక్క గ్లాసుల్లో పెట్టినప్పుడు జరిగిన చర్చ, తర్వాత మేము కాగితాలు చదివి వినిపించినప్పుడు జరిగిన దానికంటే లోతుగా సాగింది. తేడా ఎందుకొచ్చిందో వివరించే పని మాకు పడలేదు. ఎరువు ఏ చెక్కలో ఎన్నేళ్లుగా పడుతోందో భార్యాభర్తలిద్దరికీ తెలుసు, వారే చెప్పుకున్నారు.

ఫలితాలు వచ్చాక

మొత్తంగా చూస్తే స్త్రీల చెక్కల్లో సేంద్రియ కర్బనం తక్కువ. కానీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. చెక్కలను దూరం ప్రకారం పేర్చి చూస్తే చిత్రం మారింది. పాకకు దగ్గరగా ఉన్న చెక్కలు ఎవరివైనా మెరుగ్గా ఉన్నాయి, దూరం పెరిగే కొద్దీ పలచబడ్డాయి. స్త్రీలకు దక్కిన చెక్కల్లో ఎక్కువ భాగం దూరంగా, వాలు మీద, ఇసుక పాలు ఎక్కువగా ఉన్నచోట ఉన్నాయి. ఇసుక నేలలో బంకమన్ను తక్కువ కాబట్టి కర్బనాన్ని పట్టి ఉంచే శక్తి కూడా తక్కువ. అందుకే తేడాలో కొంత నేల పుట్టుకతో వచ్చింది, కొంత ఎరువు అందక ఏళ్ల తరబడి పేరుకుంది. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పడం నిజాయితీ అని నేను అనుకుంటాను, ఎందుకంటే మొదటిది పంపకాన్ని బట్టి వచ్చిన సమస్య, రెండోది రోజువారీ నిర్ణయాలను బట్టి వచ్చినది, పరిష్కారాలు కూడా వేరువేరు.

దూరంతో సారం పడిపోవడం కొత్త సంగతి కాదు. జింబాబ్వేలోని మురేవాలో షామీ జింగోరే బృందం ఇదే క్రమాన్ని చూసింది. ఇంటి దగ్గరి చేలు నత్రజని, భాస్వరాలకు బాగా స్పందించాయి. బాగా క్షీణించిన దూరపు ఇసుక చేలు ఒట్టి నత్రజనికి దాదాపు స్పందించలేదు, వాటిని మళ్లీ దారికి తేవడానికి వరుసగా కొన్నేళ్లు పశువుల ఎరువు కూడా వేయాల్సి వచ్చింది. ఇది మా ఇళ్లకు చాలా ముఖ్యమైన హెచ్చరిక. ఒకే సిఫారసు చీటీ పట్టుకుని దూరపు చెక్కలో రసాయన ఎరువు వేసిన స్త్రీకి పంట రాకపోతే, ఆమెకు సాగు చేతకాదని ఇల్లంతా అనుకుంటుంది. ఆ మాట కొన్ని ఇళ్లలో మేము విన్నాం కూడా. లోపం చేతిలో లేదు, ఆ నేలకు ఆ ఎరువును పట్టుకునే స్థితి లేదు అని కాగితం చూపించి చెప్పగలిగినందుకు ఈ పరీక్షల ఖర్చు సార్థకమైంది.

ఒక మినహాయింపును ప్రత్యేకంగా రాసుకోవాలి. ఇంటి వెనుక స్త్రీలు పెంచే కూరగాయల మళ్లలో భాస్వరం, పొటాష్ అన్ని చెక్కల కంటే ఎక్కువగా ఉన్నాయి. పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు, కోళ్ల పెంట అన్నీ అక్కడికే చేరుతున్నాయి. అడుగు దూరంలో ఉండి, తన నిర్ణయంతో నడిచే చోట స్త్రీ నేలను ఎంత సారవంతంగా చేయగలదో చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు అవసరం లేదు. బూడిద విషయంలో మాత్రం ఒక సూచన చేశాం. దాన్ని పెంటకుప్ప మీద గానీ యూరియాతో కలిపి గానీ వేయవద్దు, బూడిద క్షారగుణం వల్ల నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మడిలో విడిగా, పలచగా చల్లితే మేలు.

పెంట మోసే రోజులు: బరువు లెక్క

ఈ భాగాన్ని కాస్త నిదానంగా రాస్తున్నాను, ప్రాజెక్టు దిశ మారింది ఇక్కడే కాబట్టి.

హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు అని పుస్తకాల్లో తేలిగ్గా రాస్తారు. బండి లేదు, తట్ట మాత్రమే ఉంది అనుకుందాం. ఒక తట్టకు 20 కిలోలు పడతాయి. పావు హెక్టారు చెక్కకు రెండున్నర టన్నులు కావాలి, అంటే 125 తట్టలు. ఆ చెక్క పాకకు 60 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ మొత్తం నడక 15 కిలోమీటర్లు. అదే 600 మీటర్ల దూరంలో ఉంటే 150 కిలోమీటర్లు, అందులో సగం నెత్తిన బరువుతో. గంటకు 4 కిలోమీటర్ల లెక్కన నడకకే 37 గంటలు దాటుతుంది, తవ్వి నింపే సమయం దీనిలో లేదు. ఆ పావు హెక్టారులో దిగుబడి తగ్గిందని కొలిచినవారు ఆ 150 కిలోమీటర్లను కూడా కొలవాలి.

రసాయన ఎరువుతో పోల్చి చూద్దాం. 50 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 23 కిలోల నత్రజని ఉంటుంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం అనుకుంటే, అదే 23 కిలోల కోసం 4.6 టన్నులు, అంటే 230 తట్టలు మోయాలి. అందులోనూ మొదటి పంటకు అందేది కొంత భాగమే, మిగిలినది తర్వాతి ఏళ్లలో నెమ్మదిగా విడుదలవుతుంది. పశువుల ఎరువు భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలతో పాటు కర్బనాన్ని కూడా ఇస్తుంది, యూరియా ఇవ్వదు. కనుక ఒకటి రెండోదానికి బదులు కాదు. అయినా రసాయనాలు మానేసి సేంద్రియానికి మారండి అని చెప్పే ప్రతి సలహా వెనుక ఎవరి నెత్తిన ఎన్ని తట్టలు పడతాయో చూసుకోవలసిన బాధ్యత చెప్పేవారిది. మేము చూసిన ఇళ్లలో పాక ఊడ్చేది, పేడ ఎత్తేది, తట్ట మోసేది ఎక్కువగా స్త్రీలే. ఆ తట్ట ఏ చెక్కలో దింపాలో నిర్ణయించేది మాత్రం వారు కాదు.

ఈ లెక్కను ఒక పెద్ద కాగితం మీద గీసి అందరి ముందు పెట్టాం. దూరపు చెక్కలకు ఎరువు ఎందుకు చేరడం లేదన్న ప్రశ్నకు అప్పటిదాకా ఓపిక లేకపోవడం, తీరిక లేకపోవడం అన్న జవాబులే వచ్చేవి. అంకెలు చూశాక చర్చ తోపుడు బండి మీదకు మళ్లింది. ఒకేసారి 60 కిలోలు పట్టే బండి ఉంటే 125 తిరుగుళ్లు 42కు తగ్గుతాయి. కొన్ని ఇళ్లు కలిసి ఒక బండిని వంతులవారీగా వాడుకుంటామని ముందుకొచ్చాయి. వంతుల పుస్తకం స్త్రీల దగ్గరే ఉండాలన్నది మేము పెట్టిన ఒకే ఒక షరతు. బండి రాగానే దాన్ని తోసే పనికి కొందరు పురుషులు కూడా దిగారు. ఈ మార్పు నిలుస్తుందా లేదా అన్నది ఇంకో సీజన్ చూశాకే చెప్పాలి గానీ, దూరపు చెక్కల్లో ఆ వేసవిలో ఎరువు కుప్పలు కనిపించడం మాత్రం మా కళ్లారా చూశాం.

కుప్ప నాణ్యత, కుప్ప స్థలం

మోసే శ్రమ ఇంత ఉన్నప్పుడు మోసే ప్రతి కిలోలోనూ సారం ఉండాలి. ఎండకూ వానకూ వదిలేసిన కుప్పలో నత్రజని గాలిలో కలుస్తుంది, పొటాష్ వాన నీటితో కొట్టుకుపోతుంది. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే ఉంటాయి, అది పాక నేలలో ఇంకిపోతే మనం మోస్తున్నది సగం ఖాళీ తట్టే. పాకలో చొప్ప ముక్కలు, ఎండుటాకులు పరిచి, తడిసిన పరుపును పేడతో కలిపి ఎత్తడం, కుప్పను మట్టితో గానీ ఆకులతో గానీ కప్పడం అన్న రెండు పనులే చెప్పాం. ఈ రెండూ అదనపు పనులే, అందులో సందేహం లేదు. అందుకే అవి ఎవరి పనిగా మారుతాయో ముందే మాట్లాడుకోమని ఇంట్లోవారినే అడిగాం. పరుపు తెచ్చేది పురుషులు, ఎత్తేది ఇద్దరూ అని కొన్ని ఇళ్లు రాసుకున్నాయి. ఏమీ రాసుకోని ఇళ్లలో రెండు పనులూ స్త్రీల మీదే పడ్డాయి, కొన్నాళ్లకు కప్పడం ఆగిపోయింది.

దీనికంటే బాగా కుదిరిన ఆలోచన ఒక మహిళా రైతుది. ఎరువును చేనికి మోసే బదులు ఎరువు తయారయ్యే గుంతనే చేలో తవ్వితే ఎలా ఉంటుందని ఆమె అడిగారు. చేలో పీకిన కలుపు, మొక్కజొన్న చొప్ప, గట్టు మీద కోసిన ఆకు అక్కడే ఉన్నాయి. కుళ్లడం మొదలవ్వడానికి కాస్త పేడ, తేమ చాలు. మోయాల్సింది ఆ కాస్తే. చొప్పకు పొయ్యిలోకీ పశువుల మేతకూ కూడా గిరాకీ ఉంది కాబట్టి అంతా గుంతలోకి చేరదు. అయినా దూరపు చెక్కల్లో ఈ గుంతలు బాగా పనిచేశాయి, పైగా గుంత ఎవరి చెక్కలో ఉంటే ఆ ఎరువు వారిదే అన్నది ఎవరూ వాదించకుండానే అమల్లోకి వచ్చింది.

విత్తాక: పప్పుధాన్యాల సంగతి

నేలకు నత్రజని చేర్చే పంట ఏదన్న చర్చలో మొదట, పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు పేరు వచ్చింది. స్త్రీలు దాన్ని దాదాపు ఏకగ్రీవంగా పక్కన పెట్టారు. ఒక సీజన్ అంతా నేలను ఆక్రమించి, తినడానికి ఏమీ ఇవ్వని పైరుకు వారి చిన్న చెక్కలో చోటు లేదు. మలావీలోని ఎక్వెండేనిలో 2000లో మొదలైన నేలలు, ఆహారం, ఆరోగ్యవంతమైన సమాజాల ప్రాజెక్టు అనుభవం కూడా ఇదే చెబుతుంది. అక్కడి రైతులు తినదగిన గింజనిచ్చే కంది, వేరుశనగ, సోయా వంటి వాటివైపు మొగ్గారు. కోత అవగానే ఆకును, తీగను నేలలో పూడ్చడం ఆ పద్ధతికి ప్రాణం. ఆ పని ఎవరు చేస్తారు, ఇంటి పని ఎవరు పంచుకుంటారు అన్న చర్చను కూడా ఆ ప్రాజెక్టు తన పనిలో భాగంగానే చూసింది.

మేము కంది, వేరుశనగ జంటను ఎంచుకున్నాం. వేరుశనగ ముందుగా ముగుస్తుంది, కంది మొదట్లో నెమ్మదిగా పెరిగి తర్వాత విస్తరిస్తుంది, కాబట్టి ఒకదాని ఎదుగుదలకు మరొకటి అడ్డు రాదు. కంది రాల్చే ఆకు నేల మీద పరుపులా పడుతుంది, దాని లోతైన వేళ్లు కింది పొరల తేమనూ పోషకాలనూ అందుకుంటాయి. వేరుశనగ దగ్గర ఒక మెలిక ఉంది. దాన్ని మొక్కతో సహా పీకుతారు. కాయలు కోసుకుని తీగను పశువులకు తరలిస్తే, గాలి నుంచి పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం చేను దాటి పోతుంది, పప్పుధాన్యం వేశాం కాబట్టి నేల బాగుపడిందన్న భరోసా ఒట్టిదవుతుంది. తీగ పశువులకు పోయినా పశువుల ఎరువు తిరిగి ఆ చెక్కకే రావాలని మేము గట్టిగా చెబుతున్నాం. ఆ తీగను తిన్న పశువు ఎరువు భర్త చెక్కకు పోతే, భార్య చెక్క సారం అతని చెక్కకు బదిలీ అయినట్టే. ఇళ్లలో ఈ మాట కాస్త ఇబ్బందిగా వినిపించింది, అయినా వినిపించాల్సిన మాటే.

కలుపు తీసే కాలం

దూరపు చెక్కలకు ఎరువు చేరిన చోట కలుపు కూడా పుంజుకుంది. కలుపు తీసేది స్త్రీలే కాబట్టి సారం పెరిగిన మేరకు వారి పని కూడా పెరిగింది. దక్షిణ మాలీలో వరి పండించే స్త్రీలకు ఉచితంగా రసాయన ఎరువు ఇచ్చి చూసిన ప్రయోగం ఇక్కడ గుర్తుకు వస్తుంది. లోరీ బీమన్, డీన్ కార్లన్, బ్రామ్ థైస్‌బర్ట్, ఉడ్రీ 2013లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం దిగుబడి పెరిగింది, కానీ ఎరువుతో పాటు కలుపు మందు, కూలి ఖర్చు కూడా పెరగడంతో లాభం చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఎరువును అందించడంతో మా పని పూర్తయిందని అనుకోకూడదని ఇది చెబుతోంది. వచ్చే సీజన్‌లో వేరుశనగను కాస్త దగ్గరగా వేసి నేలను త్వరగా కప్పించడం, చక్రపు దంతె తేవడం పరిశీలిస్తున్నాం. స్త్రీల పని గంటలను కూడా ఇప్పటి నుంచి పంట దిగుబడితో పాటే రాసుకుంటున్నాం, దిగుబడి పెరిగి గంటలు అంతకంటే పెరిగితే దాన్ని విజయంగా లెక్కించేది లేదు.

కోత తర్వాత: చెక్క ఎవరి చేతిలో ఉంటుంది

నేల బాగుపడటానికి పట్టే కాలం గురించి కోత తర్వాత అందరితో కూర్చుని మాట్లాడాం. హెక్టారు నేలను 15 సెంటీమీటర్ల లోతుకు తీసుకుంటే సుమారు 2,100 టన్నుల మట్టి. అందులో సేంద్రియ కర్బనాన్ని 0.1 శాతం పెంచడమంటే 2 టన్నులకు పైగా కర్బనం నేలలో నిలవాలి. 10 టన్నుల తడి ఎరువులో ఉండే కర్బనమే రెండు టన్నుల లోపు, దానిలోనూ ఎక్కువ భాగాన్ని నేలలోని సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి. కాబట్టి కర్బనం పెరుగుదల ఒక్క సీజన్‌లో పరీక్షలో కనిపించదు. వరుసగా ఏళ్ల తరబడి వేస్తేనే కనిపిస్తుంది. ఆ ఏళ్లన్నీ ఆ చెక్క తన చేతిలో ఉంటుందన్న నమ్మకం లేని మనిషి అంత బరువు ఎందుకు మోయాలి?

ఘానాలోని అక్వాపిమ్‌లో మార్కస్ గోల్డ్‌స్టీన్, ఉడ్రీ 2008లో ప్రచురించిన పని ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపింది. అక్కడ నేల సారాన్ని తిరిగి పొందే ప్రధాన మార్గం భూమిని బీడు పెట్టడం. స్థానిక పెత్తనంలో పదవి ఉన్నవారు తమ భూమి పోదన్న ధీమాతో ఎక్కువ ఏళ్లు బీడు పెట్టారు. ఆ ధీమా లేనివారు, వారిలో స్త్రీలు ఎక్కువ, ఖాళీగా వదిలితే మరొకరు తీసుకుంటారన్న భయంతో ఆపకుండా పండించారు. భార్యాభర్తల చెక్కల దిగుబడి తేడా అక్కడ ఎక్కువగా ఈ బీడు కాలం నుంచే వచ్చింది. గాంబియాలో మరో రకం నష్టం జరిగింది. నది ఉత్తర తీరాన స్త్రీలు బృందాలుగా కూరగాయల తోటలు పెంచి, బావులు తవ్వి నీరు పోసి నేలను సారవంతం చేశారు. 1980ల నుంచి భూమి హక్కున్న పురుషులు ఆ తోటల్లోనే పండ్ల చెట్లు నాటించారు, చెట్లకు నీరు కూడా స్త్రీలే పోశారు, చెట్లు పెరిగి నీడ కమ్మేసరికి కూరగాయలకు చోటు లేకుండా పోయింది. నేల బాగుపడటమే దాన్ని పోగొట్టుకోవడానికి కారణం కావచ్చన్న భయం స్త్రీలలో ఊరికే పుట్టలేదు.

రువాండా అనుభవం ధైర్యాన్నిచ్చేది. అక్కడ భూహక్కుల క్రమబద్ధీకరణను మొదట ప్రయోగాత్మకంగా చేపట్టిన ప్రాంతాల్లో నేల కోతను ఆపే పనుల మీద రైతుల పెట్టుబడి పెరిగింది, స్త్రీలే ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాల్లో ఆ పెరుగుదల మరింత ఎక్కువగా కనిపించింది. ఒక చిన్న ప్రాజెక్టు భూహక్కులను మార్చలేదు. కానీ ఇంటి లోపలి ఒప్పందాన్ని కాగితం మీద పెట్టించగలదు. ఫలానా చెక్క రాబోయే ఐదు పంటల కాలం పాటు భార్య సాగులోనే ఉంటుందని, గుంత ఎరువు ఆ చెక్కదేనని, వేరుశనగ తీగ పశువులకు వెళ్తే అంతకు తగ్గ ఎరువు తిరిగి వస్తుందని, ఆ చెక్కలో చెట్లు నాటాలంటే ఆమె ఒప్పుకోవాలని నాలుగు వాక్యాలు. సాక్షులుగా రెండువైపుల పెద్దలు సంతకాలు చేశారు. దీనికి న్యాయస్థానంలో ఎంత విలువ ఉంటుందో తెలిసే రాయించాం. నలుగురిలో చదివి వినిపించిన మాటను దాటడం అంత తేలిక కాదన్నది మా నమ్మకం. కొన్ని ఇళ్లు సంతకానికి ఒప్పుకోలేదు. ఆ ఇళ్లను ప్రాజెక్టు నుంచి తీసేయలేదు, ఒప్పందం ఉన్న చెక్కలకూ లేని చెక్కలకూ ఎరువు ఎలా వెళ్తుందో పోల్చడానికి అవి కూడా కావాలి.

తర్వాతి పనులు

చేల గుంతల్లో ఎరువును తిరగేసి, ఎండ ముదిరేలోపు తేమ సరిచూడాలి. తోపుడు బండి చక్రం ఇరుసు అరిగింది, వంతులు మొదలయ్యేలోపు మార్చాలి. ఒంటరిగా ఇల్లు నడిపే స్త్రీల జాబితా ఇప్పటిదాకా నమూనాల దగ్గరే ఆగింది. వారికి పశువులు లేవు, కాబట్టి పెంట సలహా పనికిరాదు. గట్ల మీద ఆకు ఎరువుకు పనికొచ్చే గ్లిరిసీడియా చెట్లు నాటి కొమ్మలు కోసి చేలో కలపడం, కందిని ఎక్కువ వరుసల్లో వేయడం, కూలి అవసరమైన రోజుల్లో పరస్పరం సాయం చేసుకునే బృందం కట్టడం గురించి వారితో విడిగా కూర్చోవాలి. రెండో ఏడాది మట్టి నమూనాలను అవే చోట్ల, అదే లోతులో, విత్తడానికి ముందే తీయాలి. చీటీలను చెక్క నడిపేవారి చేతికే ఇవ్వాలి. సంచి మీద రాసే వివరాల్లో ఈసారి మూడోదాన్ని కూడా చేరుస్తున్నాం: ఆ ఏడాది ఆ చెక్కలో దిగిన తట్టలు ఎన్ని, మోసింది ఎవరు.